వికటకవి వెనుక మహాకవి

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ, దొంగల చేత బావి నీళ్ళు తోడించిన కథ తెలియని వారు మన హాస్టల్లో ఉండరు. అవి జనం నోట పెరిగిన కథలు. మరి అసలు మనిషి ఎవరు?

ఆయన 16వ శతాబ్దపు కవి. ఇంటిపేరు గార్లపాటి. మొదట రామలింగడనే పేరుతో శైవ కావ్యం 'ఉద్భటారాధ్య చరిత్రము' రచించాడు. తరువాత వైష్ణవుడై రచించిన 'పాండురంగ మాహాత్మ్యము' పంచకావ్యాలలో ఒకటిగా నిలిచింది. అందులో చెడు తిరుగుళ్ళు మరిగిన నిగమశర్మను దారిలో పెట్టాలని వచ్చిన అక్క పాత్ర ఉంది. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. అయినా తెలుగువారు ఆమెను మరువలేదు.

1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచిన శ్రీకృష్ణదేవరాయల అష్టదిగ్గజాలలో ఆయన ఒకడని ప్రసిద్ధి. రాయల తరువాతి వాడని కొందరు పండితుల అభిప్రాయం.

రాజు తప్పును ఎత్తి చూపితే తల పోయే కాలంలో విదూషకుడు నవ్విస్తూ నిజం చెప్పేవాడు. అందుకే జనం తాము అనలేని మాటలను రామకృష్ణుని నోట పలికించారు. ఆ నవ్వుల్లో కవి మరుగున పడ్డాడు.

హాస్టల్ పిల్లలని మనకూ లోకం ఒక ముద్ర వేస్తుంది. రామకృష్ణుని కావ్యం ఆయనను నిలబెట్టినట్లే, మన చదువు మనల్ని నిలబెట్టాలి.