డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పాఠశాలలలో వారమున కొకటి చొప్పున బాలబాలికల కిచ్చెడు నీలిరంగు మాత్రయందు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లము గలదు. ఆ ఆమ్లమును ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు నాయకుడు తెలుగువాడు. భిక్నూరులో ఆ మాత్రను మ్రింగు విద్యార్థి యాయన చరిత్రము నెరిగియుండుట యుచితము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున చదువుపై వారికి శ్రద్ధ తక్కువ. ధనము గడింపనెంచి యొకమారు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవమారు గాని యుత్తీర్ణులు కాలేదు. పరీక్ష తప్పిన మన మిత్రులు దీనిని గమనింతురుగాక. పిమ్మట చెన్నపురి వైద్య కళాశాలలో చేరిరి. ఖద్దరు ధరించుటచే నొక ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, పెద్ద పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తినొందవలసి వచ్చెను.

ఆ కాలముననే స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి వారి యింట ప్రవేశించెను. ఎనిమిది దినముల వ్యవధిలో ఇరువురు సోదరులు గతించిరి. సుబ్బారావుగారును ఆ రోగమువాత బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. వైద్యము చదివియు సోదరులను కాపాడలేకపోతినను వ్యథ వారిని విడిచియుండదు.

ఈ రోగమేమో కొంచెము తెలిసికొందము. మన దేహమును కాపాడు కణములలో అధికభాగము ప్రేగులయందే కాపురముండును. ప్రేగు లోపలిపొర యొక్క కణము మందము మాత్రమే. దాని కీవల మన రక్తము, ఆవల కోటానుకోట్ల బాక్టీరియాలు. 1677లో పేయర్ అను స్విస్ వైద్యుడు ఆ గోడలో కణముల గుంపులను వర్ణించెను. అవి కావలిఠాణాలని తెలియుటకు మాత్రము చాలకాలము పట్టెను. అచ్చటి తెల్లకణములలో కొన్ని, చొరబడిన బాక్టీరియాలను మ్రింగివేయును. మరికొన్ని ప్రతిరక్షకములను పుట్టించి ప్రేగులోనికి పంపును. అవి బాక్టీరియాల నంటిపట్టుకొని గోడను చేరనీయవు. ఈ పొర కొలది దినములకే క్రొత్తదగుచుండును. క్రొత్త కణము పుట్టవలెనన్న ఫోలిక్ ఆమ్లము కావలయును. సంగ్రహణిలో చిన్నప్రేగున బాక్టీరియాలు మితిమీరి పెరుగును, చూషకములు చదునగును, ఆహారములోని ఫోలిక్ ఆమ్లము రక్తమున కెక్కదు. అది లేనిదే పొర బాగుపడదు, తెల్లకణములును చక్కగా వృద్ధిపొందవు. కోటగోడ కూలుచుండగా కూలీల కిటుకలు అందనట్లన్నమాట!

మామగారి సాయమున సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యము నభ్యసించిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. ఫిస్కేగారితో కూడి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. తరువాత కండరములకు శక్తినిచ్చు ద్రవ్యములను వెలికిదీసిరి. వాని కథ వేరే వ్రాయదగినది.

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినపిమ్మటనే పాతపగ తీరు నవకాశము దొరకెను. బొంబాయిలో గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశోధించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టు సారములో నేదో గుణము గలదని 1931లోనే చూపియుండెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ ద్రవ్యమును తీసి, ఆకును బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. కాని టన్నుల కొలది కూరనుండి చిటికెడు మందు తీసిన రోగులకు చాలునా? సుబ్బారావుగారి బృందము 1945లో దానిని కృత్రిమముగా నిర్మించెను. సంగ్రహణి రోగులకు దానినియ్యగా రక్తము వృద్ధియయ్యెను, ఆకలి పుట్టెను.

ఇక బాక్టీరియాల మాట. వారి యాధ్వర్యమున డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948 జూలైలో లోకమునకు ప్రకటితమయ్యెను. ఉష్ణదేశపు సంగ్రహణికి నేటి వైద్యులు ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్ జాతిదగు టెట్రాసైక్లిన్‌ను కలిపి కొన్ని మాసములపాటు ఇత్తురు. ఒకటి గోడను కట్టును, రెండవది శత్రువును తగ్గించును.

1948 ఆగస్టు మాసమున న్యూయార్కు ప్రాంతమున సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 ఏండ్లు. చెన్నపురిని విడిచిన పిమ్మట వారు స్వదేశమును మరల చూడలేదు.