విశ్వకిరణములను కనుగొనిన విక్టర్ హెస్

ఆకాశమునుండి మన తలలపై వానచినుకులవలె ఎడతెగక రాలుచున్న సూక్ష్మకణములు కలవు. అవి కంటికి కానరావు. ఇంటికప్పులను, గోడలను, మన శరీరములను సయితము అవి దూసికొని పోవుచుండును. రేయనక పగలనక కురియు ఈ వర్షమును మానవుడు వేలకొలది సంవత్సరములు ఎరుగకుండెను. దీనిని తగిన నిదర్శనముతో లోకమునకు తెలియజెప్పిన శాస్త్రజ్ఞుడు విక్టర్ ఫ్రాంజ్ హెస్.

హెస్ 1883వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఆస్ట్రియా దేశములోని స్టిరియా మండలమందు వాల్డ్‌స్టైన్ అను కోటలో జన్మించెను. కోటలో పుట్టినను అతడు రాజకుమారుడు కాడు. అతని తండ్రి ఒక ప్రభువు కొలువులో అడవులను కనిపెట్టి చూచు ఉద్యోగి. హెస్ గ్రాజ్ నగరమున చదువుకొని, అచ్చటి విశ్వవిద్యాలయముననే భౌతికశాస్త్రము నభ్యసించి డాక్టరు పట్టము పొందెను. పిమ్మట వియన్నా నగరమునకు వచ్చి, 1910లో క్రొత్తగా వెలసిన రేడియమ్ పరిశోధనాలయమున సహాయకుడుగా చేరెను.

ఆ కాలమున శాస్త్రజ్ఞులను ఒక చిన్న చిక్కు వేధించుచుండెను. విద్యుద్దర్శిని యను పరికరమునందు రెండు సన్నని తీగలుండును. వానికి విద్యుత్తు నందించినచో అవి ఒకదాని నొకటి తోసికొని ఎడముగా నిలుచును. చుట్టునున్న గాలిలోని అణువులు విడివడి అయానులైనచో, ఆ విద్యుత్తు మెల్లమెల్లగా జారిపోయి తీగలు దగ్గరకు చేరును. రేడియమ్ వంటి పదార్థము దగ్గరనున్నపుడు ఇట్లు జరుగుట సహజము. కాని అట్టి పదార్థ మేదియు లేనపుడును, దళసరి లోహపుపెట్టెలో భద్రపరచినపుడును తీగలు దగ్గరకు చేరుచునే యుండెను. దీనికి కారణమేమి? నేలలో నున్న రేడియోధార్మిక పదార్థములే కారణమని పెక్కుమంది తలంచిరి.

ఆ మాట నిజమైనచో, నేలను విడిచి పైకి పోయినకొలది ఆ ప్రభావము తగ్గవలెను. 1910లో థియొడార్ వుల్ఫ్ అను జర్మను మతగురువు తాను నిర్మించిన పరికరమును పారిస్ నగరములోని ఈఫెల్ గోపురముపైకి కొనిపోయి, సుమారు 300 మీటర్ల ఎత్తున పరిశీలించెను. ప్రభావము తగ్గెను గాని, అనుకొనినంతగా తగ్గలేదు. 1911లో ఇటలీ దేశస్థుడగు డొమెనికో పాచీని సముద్రజలములో పరికరమును ముంచి చూచి, నీటిక్రింద ఆ ప్రభావము కొంత తగ్గుచున్నదని కనుగొనెను. స్విట్జర్లండు దేశస్థుడగు గోకెల్ బెలూనులో ఎగిరి చూచెను. కాని ఎవరికిని నిశ్చయమైన సమాధానము దొరకలేదు.

హెస్ తొందరపడలేదు. నేలనుండి వెలువడు కిరణములు గాలిలో ఎంతదూరము పోగలవో మొదట లెక్కింపదలచెను. అందులకై రేడియమును ఒకచోట నుంచి, వేరువేరు దూరములనుండి కొలతలు తీసెను. ఆ లెక్కప్రకారము, 500 మీటర్ల ఎత్తునకు పోవుసరికి నేలకిరణములు దాదాపు నశింపవలెను. అంతకంటె పైన పరికరము చలించినచో, దానికి వేరొక కారణముండి తీరవలెను. కావున పైకి పోయి చూచుట తప్ప గత్యంతరము లేదు.

1911 మొదలు 1913 వరకు హెస్ పదిసార్లు బెలూనులో ఎగిరెను. బెలూను ప్రయాణము ఆ దినములలో వినోదము కాదు. గాలి ఎటు వీచిన అటు పోవలసినదే. పైకి పోయినకొలది చలి హెచ్చును. గాలి పలుచబడి శ్వాస కష్టమగును. అట్టి స్థితిలో సన్నని తీగల కదలికను చూచుచు, గడియారమును గమనించుచు అంకెలు వ్రాసికొనవలెను.

సూర్యుడే ఈ కిరణములను పంపుచున్నాడేమో యను అనుమానము కూడ కలదు. 1912 ఏప్రిల్ 17వ తేదీన సూర్యగ్రహణము పట్టెను. ఆ వేళకు హెస్ గగనమున నుండెను. చంద్రుడు సూర్యబింబమును చాలభాగము కప్పినను కొలతలలో తగ్గుదల కానరాలేదు. రాత్రివేళ ఎగిరినపుడును భేదము కనబడలేదు. ఈ కిరణములకు మూలము సూర్యుడు కాడని అతడు నిర్ణయించెను.

1912 ఆగస్టు 7వ తేదీన ముఖ్యమైన యాత్ర జరిగెను. బొహీమియాలోని ఔసిగ్ పట్టణమునుండి ఉదయము 6 గంటలు దాటిన పిమ్మట బెలూను పైకి లేచెను. ఇంకను ఎత్తునకు పోవుటకై ఈసారి దానిని ఉదజని వాయువుతో నింపిరి. ఉదజని మిక్కిలి తేలిక. కాని నిప్పురవ్వ తగిలినచో భగ్గున మండునట్టిది. బెలూనును నడపువాడొకడు, వాతావరణమును పరిశీలించువాడొకడు, హెస్ ఒకడు, మువ్వురే ఆ బుట్టలో నుండిరి. హెస్‌వద్ద మూడు పరికరము లుండెను. ఒకటి చెడినను, ఒకటి తప్పు చూపినను, తక్కినవానితో సరిచూచుకొనవచ్చునని అతని ఉద్దేశము.

బెలూను 5,350 మీటర్ల ఎత్తునకు చేరెను. ప్రాణవాయువును పీల్చుచున్నను హెస్‌కు నీరసము ముంచుకొనివచ్చెను. అయినను అతడు పరిశీలన మానలేదు. మధ్యాహ్నమునకు బెలూను జర్మనీలో బెర్లిన్ నగరమునకు తూర్పున నొక పల్లెచెంత సుఖముగా దిగెను.

ఆ పరిశీలనల ఫలితము విచిత్రమైనది. మొదటి వేయి మీటర్లలో ప్రభావము కొంత తగ్గెను. అటుపిమ్మట తగ్గుటకు మారుగా క్రమముగా పెరుగజొచ్చెను. 5,000 మీటర్ల ప్రాంతమున అది నేలపై నున్నదానికి రెండింతలు మించెను. నేలయే కారణమైనచో ఇట్లు జరుగదు. గాలిని చీల్చుకొని పోగల బలమైన కిరణము లేవియో పైనుండి వచ్చుచున్నవని హెస్ ప్రకటించెను.

క్రొత్త సత్యమును లోకము వెంటనే అంగీకరింపదు. ఎత్తున నున్న చలివలన పరికరములు తప్పు చూపియుండునని కొందరు శంకించిరి. 1913, 1914 సంవత్సరములలో వెర్నర్ కోల్‌హోర్‌స్టర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 9,000 మీటర్లకు పైగా ఎగిరి, అచ్చట ఆ ప్రభావము మరింత అధికముగా నున్నదని చూపెను. ఇంతలో ప్రపంచయుద్ధము వచ్చి పరిశోధనలు కుంటుపడెను. యుద్ధానంతరము అమెరికాలో మిల్లికన్ మొదట ఈ కిరణములను సందేహించెను. కాని 1925లో పర్వతములపైనున్న సరస్సులలో పరికరములను ముంచి చూచి, తన సందేహమును తానే తొలగించుకొనెను. కాస్మిక కిరణములు, అనగా విశ్వకిరణములు, అను పేరు ఆయన పెట్టినదే. అమెరికా పత్రికలు కొన్ని వానిని మిల్లికన్ కిరణములనియే వ్రాసెను. బెలూనుబుట్టలో ప్రాణములకు తెగించినవాని పేరు మరుగుపడునట్టి స్థితి యేర్పడెను. కాని హెస్ తన పనిని మానక, 1931లో ఇన్స్‌బ్రుక్ నగరమున ఆచార్యుడై, హాఫెలెకార్ శిఖరముపై 2,300 మీటర్ల ఎత్తున విశ్వకిరణ పరిశోధనకేంద్రమును నెలకొల్పెను.

తుదకు 1936లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము హెస్‌కు లభించెను. విశ్వకిరణములలో పాజిట్రాన్ అను క్రొత్త కణమును 1932లో కనుగొనిన కార్ల్ ఆండర్సన్ ఆ బహుమానమున సగము పంచుకొనెను.

ఆ సంతోషము నిలువలేదు. 1938లో హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించెను. హెస్ భార్య యూదు వంశమునకు చెందినది. హెస్ తన మతవిశ్వాసమును, అభిప్రాయములను దాచుకొనువాడు కాడు. కావున నాజీలు అతనిని ఆచార్యపదవినుండి తొలగించిరి. నిర్బంధింపబడు ప్రమాదము పొంచియుండగా, భార్యతో కూడ అతడు స్విట్జర్లండునకు తప్పించుకొనిపోయెను. పుట్టిన దేశము, పెంచిన పరిశోధనాలయము, గడించిన ధనము వెనుక నిలిచిపోయెను. విద్యమాత్రము వెంటవచ్చెను. న్యూయార్కులోని ఫోర్డామ్ విశ్వవిద్యాలయము అతనికి ఆచార్యపదవి నొసగెను. 1944లో అతడు అమెరికా పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 17వ తేదీన మౌంట్ వెర్నన్ పట్టణమున పరమపదించెను.

హెస్ తెరచిన ద్వారమున పెక్కుమంది ప్రవేశించిరి. విశ్వకిరణములు గాలినణువులను తాకినపుడు న్యూట్రినో లను కణములు కూడ పుట్టును. అవి భూగోళమునే దూసికొని పోగలవు. 1965లో మన దేశమందలి కోలారు బంగారుగనులలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున శాస్త్రజ్ఞులు వానిని పసిగట్టిరి. అదే సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని ఒక గనియందును అవి కనబడెను. హెస్ ఎత్తునకు ఎగిరి వెదకగా, వీరు లోతునకు దిగి వెదకిరి. హైదరాబాదు నగరమున టాటా సంస్థవారి బెలూను కేంద్రమునుండి శాస్త్రపరికరములు ఆకాశమునకు ఎగిరినవి. దక్షిణధ్రువమున ఒక ఘన కిలోమీటరు మంచులో పరికరములను అమర్చి, 2013లో శాస్త్రజ్ఞులు సౌరకుటుంబమునకు ఆవలినుండి వచ్చిన మహాశక్తిగల న్యూట్రినోలను గుర్తించినట్లు ప్రకటించిరి.

రెండు సన్నని తీగలు దగ్గరకు చేరుట చాల స్వల్పమైన విషయము. దానిని తేలికగా కొట్టివేయక, కారణము తెలియువరకు వెంటాడినందువలననే హెస్‌కు విశ్వరహస్య మొకటి వశమయ్యెను.