అచ్చులో ఒదగని ఆంధ్రరత్న

కార్తీక మాసంలో వనభోజనాలకు చీరాల మీదుగా వాడరేవు వెళ్ళే మన సభ్యులు ఎందరో. ఆ చీరాల పేరు దేశమంతటా వినిపించేలా చేసినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

వీరు 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, నాయనమ్మ, పినతండ్రుల పోషణలో పెరిగారు. రేపల్లె ప్రాంతపు కూచినపూడిలోను, గుంటూరులోను చదివారు. బడి పాఠాలకన్నా పాటలు, నాటకాలంటేనే మక్కువ. అందరిలా కుదురుగా కూర్చునే పిల్లవాడు కాదు. బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం దొరికినా ఏడాదికి మించి ఇమడలేకపోయారు. మన బోటి ఉద్యోగులకు అది తెలివితక్కువ పనిగానే తోస్తుంది.

1911లో మిత్రులు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. పట్టా పొందారు. చిన్ననాటి నాటకాల పిచ్చి వృథా పోలేదు. ఆనంద కుమారస్వామి గారితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించగా, 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దానిని ప్రచురించింది.

తిరిగి వచ్చి రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలోను, బందరు జాతీయ కళాశాలలోను పనిచేశారు. రెండుచోట్లా పైవారితో పొసగలేదు. చివరకు చీరాల చేరి, తమ ఆశయాలకు తగిన చదువు కోసం ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించారు.

విశేషమేమంటే, ఎవరి కట్టుబాటుకూ లొంగని ఈయనే కాషాయ వస్త్రాలు, రుద్రాక్షలు ధరించిన రామదండును తీర్చిదిద్దారు. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలలో ఆ దండు క్రమశిక్షణతో సేవ చేసి మన్ననలందుకొన్నది. అదే ఏడాది మునిసిపల్ పన్నులకు నిరసనగా చీరాల పేరాల ప్రజలు వేలాదిగా ఇళ్ళు విడిచి, ఊరి వెలుపల రామనగర్ పాకలలో దాదాపు 11 నెలలు కాపురమున్నారు. భయంతో పుట్టే క్రమశిక్షణ వేరు, నమ్మకంతో పుట్టేది వేరని ఆయన చేసి చూపారు.

అందుకు మూల్యమూ చెల్లించారు. బరంపురంలో అరెస్టయి ఏడాది జైలులో గడిపారు. ఉద్యమం ఆగిపోయి ప్రజలు తిరిగి ఇళ్ళకు చేరారు. చేతిలో డబ్బు నిలవక, క్షయవ్యాధితో కృశించి 1928 జూన్ 10న, 39 ఏళ్ళకే కన్నుమూశారు.

మన మనుమలలో కుదురులేనివాడు ఒకడుంటాడు. వాణ్ణి అల్లరివాడని తీసిపారేసే ముందు, గోపాలకృష్ణయ్య గారిని ఒక్కసారి తలచుకుందాం. వాడి మనసు దేనిమీద ఉందో అడుగుదాం.