తరిమెల నాగిరెడ్డి

తరిమెల నాగిరెడ్డి (ఫిబ్రవరి 11, 1917 - జూలై 28, 1976) ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సుప్రసిద్ధ కమ్యూనిస్టు విప్లవ నాయకుడు, శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు, గ్రంథకర్త. అనుచరులు, అభిమానులు ఈయనను టి.ఎన్. అని పిలిచేవారు. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో విదేశీ పెట్టుబడి, విదేశీ సహాయం, అగ్రరాజ్యాల జోక్యం అనే అంశాలపై ఈయన రచించిన తాకట్టులో భారతదేశం అనే గ్రంథం తెలుగునాట రాజకీయ ఆలోచనాపరులలో విస్తృతమైన చర్చకు కారణమైంది. భారత రాష్ట్రపతిగా పనిచేసిన నీలం సంజీవరెడ్డికి ఈయన బావమరిది.

బాల్యం, విద్యాభ్యాసం

నాగిరెడ్డి అనంతపురం జిల్లా తరిమెల గ్రామంలో ఒక సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం శింగనమల మండలంలో ఉంది. మదనపల్లె సమీపంలో జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాలలోను, మద్రాసులోని లయోలా కళాశాలలోను, ఆ తరువాత బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోను విద్యనభ్యసించాడు. బెనారస్‌లో చదువుతున్న కాలంలో జాతీయోద్యమం వైపు, మార్క్సిస్టు సిద్ధాంతం వైపు ఆకర్షితుడయ్యాడు. చదువు ముగించుకొని స్వజిల్లాకు తిరిగివచ్చి కమ్యూనిస్టు పార్టీ నిర్మాణంలో పాల్గొన్నాడు.

ఈయన కార్యక్షేత్రమైన అనంతపురం జిల్లా దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడం వలన నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరుతాయి. తూర్పు తీరానికి దూరంగా ఉండడం వలన ఈశాన్య ఋతుపవనాల ఫలమూ పూర్తిగా దక్కదు. కళ్యాణదుర్గం, కంబదూరు, రాయదుర్గం వంటి మెట్ట ప్రాంతాలలో రైతు బ్రతుకు చెరువు నిండడంపై, బావిలో ఊట ఉండడంపై ఆధారపడేది. పంట పోయిన ఏట అప్పు, అప్పు తీరక భూమి తాకట్టు, తాకట్టు విడిపించుకోలేక భూమిని కోల్పోవడం ఈ సీమలో తరతరాలుగా కనిపించిన క్రమం. నాగిరెడ్డి తరువాతి కాలంలో దేశ ఆర్థిక పరిస్థితిని వివరించడానికి తాకట్టు అనే మాటనే ఎన్నుకోవడం గమనించదగినది.

స్వాతంత్ర్యోద్యమం, జైలు జీవితం

1939 సెప్టెంబరులో భారతీయుల సమ్మతి కోరకుండానే బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశాన్ని రెండవ ప్రపంచయుద్ధంలోకి దించింది. ఆ యుద్ధం ఆర్థిక రంగంపై చూపే ప్రభావాన్ని వివరిస్తూ నాగిరెడ్డి ఒక పుస్తకం వ్రాశాడు. 1940లో ఆ పుస్తకం కారణంగానే ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసింది. తిరుచిరాపల్లి జైలులో శిక్ష అనుభవించాడు. 1941లో భారత రక్షణ నిబంధనల క్రింద, 1946లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం జారీచేసిన ఆర్డినెన్సు క్రింద మళ్ళీ నిర్బంధానికి గురయ్యాడు. ఒక పెద్ద రాజ్యం చేసే యుద్ధానికి పరాధీన దేశంలోని సామాన్యుడు ధరల రూపంలో, ఆహార కొరత రూపంలో ఎలా మూల్యం చెల్లిస్తాడన్నది ఆయన తొలి రచనకు విషయం. మూడు దశాబ్దాల తరువాత వ్రాసిన చివరి గ్రంథానికీ స్థూలంగా అదే విషయం.

చట్టసభలలో

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో నాగిరెడ్డి అనంతపురం నియోజకవర్గం నుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడిపోయిన కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మ సంజీవరెడ్డి భార్య. జైలులో ఉండి పోటీచేసిన బావమరిది, ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షుడైన బావను ఓడించడం ఆనాడు రాష్ట్రమంతటా సంచలనం కలిగించింది. మద్రాసు శాసనసభలో నాగిరెడ్డి ప్రతిపక్ష నాయకుడిగా వ్యవహరించాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్ర శాసనసభలో కొనసాగాడు.

1955 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్ర శాసనసభ ఎన్నికలు అగ్రరాజ్యాల విదేశాంగ నీతి ఒక చిన్న రాష్ట్రపు రాజకీయాలను ఎలా తాకగలదో తెలియజేసే ఉదాహరణగా నిలిచాయి. ఆ ఎన్నికలలో అధికారం తమదేనని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. ప్రచారం ముమ్మరంగా సాగుతున్న సమయంలో, జనవరి 26న, సోవియట్ కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని ప్రశంసిస్తూ సంపాదకీయం ప్రచురించింది. కాంగ్రెసు వారు దానిని ఆంధ్రలో విరివిగా ప్రచారం చేశారు. కమ్యూనిస్టులు గురువుగా భావించే దేశమే నెహ్రూను మెచ్చుకొంటుండగా ఆంధ్ర కమ్యూనిస్టులు ఆయనను ఎందుకు వ్యతిరేకిస్తున్నారన్న ప్రశ్నకు పార్టీ కార్యకర్తలు సమాధానం చెప్పుకోలేకపోయారు. కాంగ్రెసు ఇతర పక్షాలతో కలిసి ఐక్య కూటమిగా పోటీచేయడం కమ్యూనిస్టుల ఓటమికి ప్రధాన కారణమైనా, ఈ సంపాదకీయం కూడా వారిని దెబ్బతీసింది. 196 స్థానాలు గల సభలో వారికి 15 మాత్రమే దక్కాయి. పుట్లూరు నుండి పోటీచేసిన నాగిరెడ్డి కూడా పరాజితుడయ్యాడు.

1957లో అనంతపురం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1962లో పుట్లూరు నుండి, 1967లో అనంతపురం నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యాడు.

పార్టీలో చీలికలు

1960ల ప్రారంభంలో సోవియట్ యూనియన్, చైనాల మధ్య తలెత్తిన సిద్ధాంత వైరం, 1962 నాటి భారత-చైనా యుద్ధం భారత కమ్యూనిస్టు పార్టీని కుదిపివేశాయి. 1964లో పార్టీ చీలినప్పుడు నాగిరెడ్డి మార్క్సిస్టు పార్టీలో చేరాడు. అయితే అక్కడా ఆయన ఎక్కువ కాలం నిలువలేదు. 1967లో మధురైలో కేంద్ర కమిటీ ఆమోదించిన సిద్ధాంత ముసాయిదాను 1968 జనవరిలో పాలకొల్లులో సమావేశమైన ఆంధ్ర ప్రతినిధులలో అత్యధికులు తిరస్కరించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో జరిగిన బర్ద్వాన్ ప్లీనం తరువాత నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య తదితరులు పార్టీని వీడి, ఆంధ్రప్రదేశ్ కమ్యూనిస్టు విప్లవకారుల సమన్వయ కమిటీని ఏర్పాటుచేశారు.

చారు మజుందార్ నాయకత్వంలోని అఖిల భారత సమన్వయ కమిటీతోనూ వీరికి పొసగలేదు. ప్రజలను భూసమస్యపై సమీకరించకుండా, ప్రజా ఉద్యమాల పునాది లేకుండా సాయుధ చర్యలకు పూనుకోవడం సరికాదని నాగిరెడ్డి వాదించాడు. 1969 ఫిబ్రవరిలో అఖిల భారత కమిటీ ఆంధ్ర కమిటీతో సంబంధాలు తెంచుకొంది. మరుసటి నెలలో, ప్రజల మౌలిక సమస్యలను చట్టసభలు పరిష్కరించలేవని ప్రకటిస్తూ నాగిరెడ్డి శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేశాడు.

కుట్ర కేసు, వాఙ్మూలం

1969 డిసెంబరులో మద్రాసులో నాగిరెడ్డిని, ఆయన సహచరులను పోలీసులు అరెస్టు చేశారు. ప్రభుత్వాన్ని కూలద్రోయడానికి కుట్ర పన్నారన్న అభియోగంపై వారిపై నడిచిన కేసు హైదరాబాదు కుట్ర కేసుగా ప్రసిద్ధి చెందింది. విచారణలో నాగిరెడ్డి తనపై వచ్చిన అభియోగాలకు జవాబు చెప్పడంతో తృప్తిపడలేదు. దేశ ఆర్థిక, రాజకీయ వ్యవస్థపై సుదీర్ఘమైన వాఙ్మూలాన్ని జైలులో సిద్ధంచేసి న్యాయస్థానానికి సమర్పించాడు. ప్రభుత్వ నివేదికలు, గణాంకాలు ఆధారంగా సాగిన ఆ వాఙ్మూలమే తరువాత గ్రంథరూపం దాల్చింది. 1972లో ఆయన బెయిలుపై విడుదలయ్యాడు.

తాకట్టులో భారతదేశం

ఈ గ్రంథం నాగిరెడ్డి మరణానంతరం 1978లో ఆంగ్లంలో వెలువడింది. తెలుగులోనూ వచ్చింది. 1947లో జరిగినది అధికార మార్పిడి మాత్రమేనని, విదేశీ పెట్టుబడి పట్టు సడలలేదని, గ్రామాలలో భూస్వామ్య సంబంధాలు మారలేదని ఈ గ్రంథంలోని ప్రధాన ప్రతిపాదన. విదేశీ రుణాలు, సాంకేతిక సహకార ఒప్పందాలు, ఆహార సహాయం, హరిత విప్లవం, సోవియట్ సహాయం మొదలైన అంశాలను ఇందులో పరిశీలించాడు.

ఆయన వాదానికి నేపథ్యం ఆనాటి పరిణామాలలో ఉంది. అమెరికా 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టం క్రింద భారతదేశం 1956 నుండి గోధుమలు తెచ్చుకొంది. వాటి ధరను డాలర్లలో కాక రూపాయలలో చెల్లించే వీలుండేది. ఆ రూపాయలు భారతదేశంలోనే అమెరికా ఖాతాలో జమ అయ్యేవి. అందులో అధిక భాగం భారత ప్రభుత్వానికే అప్పుగా తిరిగివచ్చేది. కొంత భాగం అమెరికా రాయబార కార్యాలయ ఖర్చులకు, మరికొంత ఇక్కడ వ్యాపారం చేసే అమెరికన్ సంస్థలకు రుణాలుగా వెళ్ళేది. 1965, 1966 సంవత్సరాలలో వరుసగా కరువు వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ దీర్ఘకాలిక ఒప్పందానికి అంగీకరించక, కొద్ది నెలలకు సరిపడే ధాన్యాన్ని మాత్రమే విడతలుగా మంజూరు చేశాడు. భారతదేశపు వ్యవసాయ విధానంలో మార్పులు రావాలన్నది ఆయన షరతు. వియత్నాం యుద్ధంపై భారత ప్రభుత్వం చేసిన విమర్శలు కూడా ఆయనకు ఆగ్రహం కలిగించాయి. 1966లో దిగుమతి అయిన ఆహారధాన్యాలు సుమారు ఒక కోటి టన్నులు. ఆ సంవత్సరమే జూన్ 6న రూపాయి విలువ తగ్గించబడింది. డాలరు ధర 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు పెరిగింది. కరువు సీమలలోని పాఠశాలలకు కేర్ సంస్థ ద్వారా చేరిన గోధుమరవ్వ, పాలపొడి కూడా ఈ సహాయంలో భాగమే. ఆకలిగా ఉన్న పిల్లవానికి అది అన్నమే. అయితే ఆ అన్నాన్ని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పంపాలో నిర్ణయించే అధికారం పరదేశానిదన్నది నాగిరెడ్డి వంటి వారి ఆవేదన.

ఆయన విమర్శ అమెరికాకే పరిమితం కాలేదు. భిలాయి ఉక్కు కర్మాగారం మొదలుకొని సోవియట్ సహాయంతో వెలసిన పరిశ్రమలను దేశంలో చాలామంది నిస్వార్థ మైత్రికి చిహ్నాలుగా భావించేవారు. నాగిరెడ్డి ఈ అభిప్రాయంతో విభేదించాడు. సోవియట్ యూనియన్ సోషలిజం పేరు చెప్పుకొంటూ సామ్రాజ్యవాద మార్గం పట్టిందని, రుణాలు, వాణిజ్యం ద్వారా భారతదేశాన్ని తనపై ఆధారపడేటట్లు చేస్తున్నదని ఆయన అభిప్రాయం. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు చెకొస్లొవేకియాలో ప్రవేశించడం ఈ అభిప్రాయం గల వారికి బలాన్ని చేకూర్చింది. తెలుగునాటనే ఉభయ శిబిరాల ఉనికి కనిపించేది. విశాఖపట్నంలో అమెరికన్ సంస్థ కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, అమెరికన్ భాగస్వామ్యంతో కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఏర్పడగా, హైదరాబాదులో సోవియట్ సహకారంతో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం వెలసింది.

విమర్శలు

నాగిరెడ్డి నిర్ధారణలను అందరూ అంగీకరించలేదు. భారతదేశం ఏ శిబిరంలోనూ చేరకుండా ఉభయుల నుండీ సహాయం పొంది తన పరిశ్రమలను నిర్మించుకోగలిగిందని, అలీన విధానానికి అర్థం అదేనని పలువురు వాదించారు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదుర్చుకొన్న భారతదేశం, అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా ఏడవ నౌకాదళానికి చెందిన నౌకలు బంగాళాఖాతానికి వచ్చినా లొంగక యుద్ధంలో విజయం సాధించింది. ఆయన విమర్శించిన హరిత విప్లవం వలననే దేశం గోధుమల దిగుమతి నుండి బయటపడిందని కూడా వారు చూపుతారు. హరిత విప్లవ ఫలితాలు నీటి వసతి గల ప్రాంతాలకు దక్కినంతగా అనంతపురం వంటి మెట్ట జిల్లాలకు దక్కలేదన్నది ఆయన అభిమానుల సమాధానం. 1991లో విదేశీ మారకద్రవ్య సంక్షోభంలో భారత ప్రభుత్వం రిజర్వుబ్యాంకు బంగారాన్ని విదేశానికి తరలించి తాకట్టు పెట్టినప్పుడు ఈ గ్రంథం పేరు అక్షరాలా నిజమైనట్లయింది.

చివరి రోజులు

1975 ఏప్రిల్‌లో వివిధ విప్లవ బృందాల కలయికతో భారత కమ్యూనిస్టు విప్లవకారుల ఐక్యతా కేంద్రం (మార్క్సిస్టు-లెనినిస్టు) ఏర్పడింది. నాగిరెడ్డి దీని స్థాపకులలో ప్రముఖుడు. రెండు నెలలకే, జూన్ 25న, దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించబడింది. నాగిరెడ్డి అజ్ఞాతవాసంలోకి వెళ్ళాడు. ఆ స్థితిలోనే అనారోగ్యం పాలై, జూలై 28, 1976న హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 59 సంవత్సరాలు. బ్రిటిష్ ప్రభుత్వంలో పుస్తకం వ్రాసినందుకు జైలుకు వెళ్ళిన వ్యక్తి, స్వతంత్ర భారతదేశంలో ప్రభుత్వం కంట పడకుండా తలదాచుకొంటూ కన్నుమూశాడు. సరిగ్గా ఏడాది తరువాత, 1977 జూలైలో, ఆయన బావ సంజీవరెడ్డి భారత రాష్ట్రపతిగా పదవీ స్వీకారం చేశాడు.

నాగిరెడ్డి పేరిట స్మారక ట్రస్టు ఏర్పడింది. ఆయన పార్టీ అనేక ముక్కలుగా చీలిపోయినా, సిద్ధాంతాన్ని అంగీకరించని వారు సైతం నిరాడంబరుడైన నాయకుడిగా, నమ్మిన మాటకు పదవిని వదులుకొన్న ప్రజాప్రతినిధిగా ఆయనను గౌరవిస్తారు.