అలీ నవాజ్ జంగ్: మంజీరకు అడ్డుకట్ట వేసిన నవాబ్

కవాడిగూడ నుంచి కాస్త నడిస్తే ట్యాంక్‌బండ్. అక్కడి విగ్రహాల్లో గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర ఉన్నారు. అదే గోదావరికి ఉపనది అయిన మంజీర మీద నిజాంసాగర్ కట్టిన మన హైదరాబాదీ ఇంజనీర్ మాత్రం ఆ వరుసలో లేరు. ఆయన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ.

1877 జూలై 11న హైదరాబాద్‌లో పుట్టారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్, మదర్సా-ఎ-ఆలియా, తర్వాత నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1896లో సర్కారు వజీఫాతో ఇంగ్లండ్ వెళ్లి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. 1899లో తిరిగొచ్చి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీర్‌గా మొదలుపెట్టారు.

ఆయన ఉద్యోగంలో ఉండగానే 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. పాతబస్తీ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఇళ్లకు ఇళ్లు కొట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. ఆ తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన పెద్ద చెరువులు కట్టి వరదను ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1918లో చీఫ్ ఇంజనీర్ అయిన అలీ నవాజ్ జంగ్ హయాంలోనే ఈ రెండూ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ చెరువులే తర్వాత నగరం దాహం కూడా తీర్చాయి.

ఆయన పేరు నిలిపింది మాత్రం నిజాంసాగర్. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. మొదట్లో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. అప్పటిదాకా వాన మీద, ఊరి చెరువు మీద బతికిన బోధన్, బాన్సువాడ, నిజామాబాద్ ప్రాంతాల్లో వరి, చెరకు పండాయి. ఆ చెరకు చూసే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది.

ఇదంతా జమ వైపు. ఖర్చు వైపు కూడా చూడాలి.

జలాశయం కోసం నలభై దాకా ఊళ్లు ఖాళీ చేయించారు. ఊరంటే ఇళ్లు, పొలాలే కాదు. గుడి, మసీదు, ఖబరస్తాన్, అమ్మానాన్నల సమాధులు కూడా. పంట ఒకరికి పండింది, నేల మరొకరికి పోయింది. కాలువ కింద సాగుకు అలవాటు లేని స్థానిక రైతులు చాలామంది భూములు అమ్ముకున్నారు. నీటి సేద్యం తెలిసిన ఆంధ్ర డెల్టా రైతులు వచ్చి వాటిని కొన్నారు. అలా నీళ్లు వచ్చినా లాభం అందరికీ సమానంగా చేరలేదు.

ఇంకో ఖర్చు నెమ్మదిగా తేలింది. మంజీర తెచ్చే మట్టి ఏటా జలాశయం అడుగున పేరుకుంది. 1970ల నాటికి అసలు సామర్థ్యంలో సగం కూడా మిగల్లేదు. తర్వాత నీటిమట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఎగువన సింగూరు కట్టాక అక్కడి నీళ్లు హైదరాబాద్ తాగునీటికి కూడా వచ్చాయి. మన నల్లాలో నీళ్లు నిండితే కింద ఆయకట్టు రైతు ఆకాశం వైపు చూడాల్సి వచ్చిన ఏళ్లు ఉన్నాయి. షుగర్ ఫ్యాక్టరీ కూడా 2015లో మూతపడింది.

మరి తప్పు నవాబ్ సాబ్‌దేనా? అలా అనలేం. నది మీద కట్టిన ఏ డ్యామైనా పూడుతుంది. పూడిక తీయడం, అడవి నరకకుండా చూడటం, ఊరు పోయినవాళ్లకు న్యాయం చేయడం కట్ట కట్టిన ఇంజనీర్ ఒక్కడి పని కాదు. తర్వాత వచ్చిన ప్రతి సర్కారు పని. ఆయన మాత్రం ఒక్క పెద్ద డ్యామ్‌తో ఆగలేదు. పోచారం, పాలేరు, వైరా వంటి మధ్యతరహా జలాశయాలూ ఆయన కాలంలో వచ్చినవే.

ఆయన పేరు రాజ్యం సరిహద్దులు దాటింది. 1929లో సింధ్‌లోని సుక్కూర్ బ్యారేజీ పనులు పరిశీలించడానికి బొంబాయి సర్కారు విశ్వేశ్వరయ్యతో పాటు ఆయన్ను నియమించింది. కాంగ్రెస్ 1938లో నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం వేసినప్పుడు, నదులు, సాగునీటి ఉపసంఘానికి చైర్మన్ ఆయనే. తుంగభద్ర నీటి పంపకం కోసం మద్రాసు రాష్ట్రంతో జరిగిన చర్చల్లో హైదరాబాద్ పక్షాన నిలిచారు. 1945లో ఆ డ్యామ్‌కు రెండు వైపులా పునాదిరాళ్లు పడ్డాయి.

1949 డిసెంబర్ 6న ఇంతెఖాల్ అయ్యారు. తెలంగాణ ఏర్పడ్డాక సర్కారు ఆయన పుట్టినరోజైన జూలై 11ని తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతోంది. మంచిదే. కానీ పూలదండతో పని అయిపోదు. మన పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు కట్ట గొప్పతనంతో పాటు నీళ్లలో మునిగిన ఊళ్ల సంగతీ చెప్పాలి. నీళ్లు అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని ఆపినవాడికీ, తాగేవాడికీ, దానివల్ల ఇల్లు వదిలినవాడికీ లెక్క ఒకటే ఉండాలి.

అల్లాహ్ మరహూమ్‌ను మగ్ఫిరత్ చేయుగాక. ఆమీన్.