రహీం సారు పిల్లోళ్లకి ఎన్నాళ్లు టైమిచ్చినాడు?

మన నల్లచెరువు తట్టు యా ఊరి గ్రౌండ్‌కైనా పొద్దుగూకే ముందర పోయి చూడండి. పది మంది ఆడుతుంటారు, ఇరవై మంది గట్టు మీద కూసోని తీర్పులు చెప్తుంటారు. మా పిల్లోళ్ల టీంలో పదహారేళ్ల గోల్‌కీపర్ ఒకడుండాడు. ఒక మ్యాచ్‌లో రెండు గోల్స్ వదిలేసినాడు. ఆ పై ఆదివారం వాని చేతికి గ్లౌజులు ఇయ్యలే. వీనికి రాదులే అని గట్టు మీద తేల్చేసినారు. ఇప్పుడు వాడు గ్రౌండ్‌కే రావడంలే. వాళ్ల నాయన వాణ్ని కదిరిలో మెకానిక్ షాపులో పెట్టేదానికి మాట్లాడుకుంటా ఉండాడు.

ఆ పొద్దు తీర్పు చెప్పినోళ్లలో నేనూ ఒకణ్ని. ఆట రాక తడబడే పిల్లోనికి ఎన్నాళ్లు టైం ఇయ్యాల? ఈ లెక్క మనకంటే ముందే, మన తెలుగు గడ్డ మీదే, ఒక బడి పంతులు చేసి చూపించినాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన మైదాన్ సినిమాలో అజయ్ దేవగన్ వేసింది ఆయన వేషమే. సినిమా చూసినోళ్లు సానామంది ఉంటారు గానీ, ఆయన హైదరాబాదోడని, బడిలో పాఠాలు చెప్పుకుంటా కోచ్ అయినాడని ఎంతమందికి తెలుసో.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టినాడు. ఉస్మానియాలో చదివినాడు, ఆడినాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లోళ్లకి పాఠాలు చెప్పినాడు. ఆటల చదువు కూడా చదివి డిప్లొమా తెచ్చుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయి, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీం ఆయన చేతికి వచ్చింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని ఆ టీం 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. కలకత్తా పెద్ద పెద్ద క్లబ్బులు నోరు తెరుచుకోని చూసినాయి.

ఈ కప్పులు అందరికీ తెలిసినవే. నాకు ఇంకా బాగా నచ్చింది ఆయన పిల్లోళ్ల కోసం పెట్టిన చిన్న చిన్న పోటీలు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే జతగానికి పాస్ ఇచ్చేయాల. ఇంకో దాంట్లో నీకు చేతగాని కాలుతోనే ఆడాల. కుడికాలోడు ఎడమ కాలుతో, ఎడమకాలోడు కుడి కాలుతో. పొట్టి పిల్లోళ్లని పొడుగోళ్లు తొక్కేయకుండా ఎత్తు లెక్కబెట్టి వేరే పోటీలు పెట్టినాడు.

చేతగాని కాలుతో ఆడే పోటీ ఎట్లుంటాదో రొంత ఊహించుకోండి. ఎంత పెద్ద ఆటగాడైనా ఆ పొద్దు తప్పులే చేస్తాడు. బంతి ఒక పక్క పోతాది, కాలు ఒక పక్క పోతాది. గట్టు మీద నవ్వే మొనగాడు కూడా లోపలికి దిగితే అంతే. అందరూ తడబడే చోట ఒక్కణ్ని వేలెత్తి చూపేదానికి ఉండదు. తప్పు చేసేదానికే ఒక పోటీ పెట్టినట్లయింది. పోయిన మ్యాచ్‌లో గోల్ వదిలినోడు, బంతి పోగొట్టుకున్నోడు అక్కడ సిగ్గు లేకుండా నేర్చుకుంటాడు. పిల్లోనికి టైం ఇచ్చేదంటే రహీం సారు లెక్కలో ఇదే. గమ్మున ఎదురుచూసేది కాదు, వానికొక పని పెట్టి ఆ పని మీద కన్నేసి ఉండేది.

ఆ కన్ను యాడిదాకా పోయిందో తులసీదాస్ బలరాం సంగతి చూస్తే అర్థమవుతాది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ ఆయనది. పేదిల్లు. రహీం సారు ఆ పిల్లోని ఆట చూసి హైదరాబాద్‌కి ప్రాక్టీస్‌కి రమ్మన్నాడు. రోజూ అంత దూరం పోయి వచ్చేదానికి చేతిలో డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కని రహీం సారు రోజుకొక రూపాయి ఇచ్చినాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. రొంత లెక్కేయండి. మన ఊర్లల్లో ఆట మానేసే పిల్లోళ్లలో ఎంతమంది ఆట రాక మానేస్తాండారు, ఎంతమంది బస్సు చార్జీకి లేక మానేస్తాండారు? మనం మాత్రం ఇద్దర్నీ ఒకే గాటన కట్టి వీనికి రాదులే అంటాం.

ఇప్పుడు ఆయన ఓడిపోయిన కథకి వద్దాం. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్‌ని 1-0తో ఓడించి మన టీం బంగారు పతకం తెచ్చింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్. చలి దేశం. మనోళ్లలో సానామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో దిగినారు. యుగోస్లావియా 10-1తో కొట్టింది. పది గోల్స్ అప్పా! ఊర్లో టీం పది గోల్స్ తింటే ఆ కోచ్‌ని మళ్లీ గ్రౌండ్‌లోకి రానిస్తామా? అయినా 1956లో మెల్‌బోర్న్‌కి టీంని తీసుకోని పోయింది రహీం సారే. పిల్లోళ్లకి టైం ఇచ్చే మనిషికి కూడా ఎవరో ఒకరు టైం ఇయ్యాల కదా.

మెల్‌బోర్న్‌కి ఆయన ఇరవై ఏళ్ల పిల్లోళ్లని వెంట తీసుకోని పోయినాడు. బలరాం ఒకడు, బెంగాల్ నుంచి పి.కె. బెనర్జీ ఒకడు. ఇద్దరూ 1936లోనే పుట్టినోళ్లు. ఆ పొద్దు ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచినారు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టినాడు. సెమీఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. 4-1తో ఓడినారు. కంచు పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ పోలే. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, హంగరీ చేతిలో 2-1, పెరూ చేతిలో 3-1తో ఓటమి. గ్రూపులోనే ఇంటికి. ఒకపక్క ఓడుతున్నారు, ఇంకోపక్క అదే పిల్లోళ్లు గోల్స్ కొడతాండారు. హంగరీ మీద, పెరూ మీద కొట్టింది బలరామే. ఫ్రాన్స్ మీద కొట్టింది పి.కె.

తర్వాత 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. అప్పటికే రహీం సారుకి క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. గట్టు మీద తీర్పు చెప్పేటోళ్లకి అది సాలు. థాయిలాండ్ మీద గెలిచినారు, కానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడినాయి. జపాన్ మీద 2-0, బలరాం ఒకటి, పి.కె. ఒకటి. ఇంక సెమీఫైనల్. జర్నైల్ వెనక ఆడితే ఎత్తుకొచ్చే బంతులకి రోజంతా తల పెట్టాల. ఆయన కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినాడని రహీం సారుకి గుర్తుండాది. కూసోబెట్టలే, ముందుకి పంపినాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టినాడు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్లీ దక్షిణ కొరియానే. రాజకీయం గొడవల వల్ల లక్ష మంది జనం మన టీంకి ఎదురుగా అరుస్తుండారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం మనది. ఆరేళ్ల ముందర మెల్‌బోర్న్‌లో ఇరవై ఏళ్ల పిల్లోడు, ఇప్పుడు ఫైనల్‌లో మొదటి గోల్ కొట్టినోడు. ఆ ఆరేళ్లలో ఎన్ని మ్యాచ్‌లు ఓడినారో లెక్కబెట్టుకోండి.

ఇంకొక్క సంగతి ఉండాది, ఇది చెప్పకపోతే అబద్ధం చెప్పినట్లే. ఆ టోర్నమెంటులో పెద్ద గోల్‌కీపర్ తంగరాజ్‌కి జ్వరం వస్తే కుర్రోడు ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో నిలబడినాడు. సెమీఫైనల్ దాకా టీంని గట్టెక్కించినాడు. తీరా ఫైనల్ వచ్చేసరికి రహీం సారు బర్మన్‌ని కూసోబెట్టి తంగరాజ్‌ని దింపినాడు. తంగరాజ్ పొడుగు మనిషి, కొరియా వాళ్లు ఎత్తు బంతులు వేస్తారు, అదీ లెక్క. బర్మన్ ఏం తప్పు చేసినాడు? ఏం చేయలే. ఆ పొద్దు ఆ కుర్రోని మనసు ఎట్లుండిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. పిల్లోళ్లకి టైం ఇచ్చిన మనిషే ఆ పిల్లోని పక్కన పెట్టినాడు.

కానీ మేం మా కీపర్‌కి చేసింది ఇది కాదు. మ్యాచ్ కోసం ఒకణ్ని పక్కన పెట్టేది వేరే. రాదులే అని గ్రౌండ్ నుంచే పంపించేసేది వేరే. బర్మన్ ఫైనల్ ఆడలే గానీ ఆ టీంలోనే ఉన్నాడు, ఆ బంగారంలో ఆయనకీ భాగముంది.

రహీం సారు 1963 జూన్ 11న చనిపోయినాడు. అప్పటికి 53 ఏళ్లు. అదే ఏడు బలరాం కూడా ఊపిరితిత్తుల జబ్బుతో ఆట వదిలేసినాడు, ముప్పై కూడా నిండకముందే. జకార్తా తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారం రాలే.

నిన్న సాయంత్రం ఆ కీపర్ పిల్లోని ఇంటికాడికి పోయినా. మొదట వాడు మాట్లాడలే. వాళ్ల నాయన షాపు సంగతే చెప్తా ఉండాడు. ఆదివారం ప్రాక్టీస్‌కి పంపీయమని అడిగినా, మ్యాచ్‌కి కాదు, ఉత్త ప్రాక్టీస్‌కే. చూద్దాంలే అన్నాడు. గ్లౌజులు మాత్రం వాళ్ల అరుగు మీద పెట్టొచ్చినా.