మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా: పెద్ద పార్టీకి బయట, లోపల

జనవరి 3 జైపాల్ సింగ్ ముండా జయంతి. 1903లో నేటి జార్ఖండ్‌లోని ఖుంటి ప్రాంతం, టకరా గ్రామంలో ముండా కుటుంబంలో ఆయన పుట్టారు. ఛోటానాగపూర్ ఆదివాసులు ఆయనను మరంగ్ గోమ్కే అని పిలుచుకున్నారు. అంటే పెద్ద నాయకుడు అని అర్థం. మన యువతలో చాలామందికి ఆయన ఒలింపిక్స్ హాకీ కెప్టెన్‌గా తెలుసు. ఓటు హక్కు వచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు తెలుసుకోవలసిన విషయం ఆయన జీవితంలో మరొకటి ఉంది. మార్పు కోరేవాళ్లు పెద్ద పార్టీలోనే ఉండి పనిచేయాలా, బయటికి వచ్చి సొంత జెండా ఎత్తాలా అన్న ప్రశ్నకు ఆయన రెండు జవాబులూ ఆచరించి చూశారు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవితాన్ని ఆ కోణం నుంచి చెబుతున్నాం.

ఆక్స్‌ఫర్డ్ నుంచి రాంచీకి

ఊరి బడి తర్వాత రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో, ఆ తర్వాత ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జైపాల్ చదివారు. అప్పట్లో అందరూ కలలుగనే ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఆ శిక్షణలో ఉండగానే 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వకపోయినా వెళ్లారు. ఫైనల్లో ఆయన ఆడలేదు గానీ, ఆయన నడిపించిన జట్టు మన దేశానికి హాకీలో తొలి బంగారు పతకం తెచ్చింది. తిరిగి వచ్చాక శిక్షణ మరో ఏడాది చేయమంటే ఐసీఎస్‌నే వదులుకున్నారు. తరువాత బర్మా షెల్ కంపెనీలో, నేటి ఘనాలోని అచిమోటా కాలేజీలో, రాయపూర్ రాజ్‌కుమార్ కాలేజీలో, బికనీర్ సంస్థానంలో పనిచేశారు.

ఇంతలో సొంత గడ్డ మీద పరిస్థితి మారుతోంది. 1937 ఎన్నికల తర్వాత బిహార్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం ఏర్పడింది. నలుగురు మంత్రుల్లో ఒక్క ఆదివాసీ కూడా లేరు. భూమి పోతోంది, అడవి మీద హక్కు పోతోంది, చెప్పుకుందామంటే పాట్నాలో వినేవారు లేరు. అప్పటికే ఉన్న చిన్న సంఘాలన్నీ 1938లో ఆదివాసీ మహాసభగా ఒక్కటయ్యాయి. 1939 జనవరిలో రాంచీ సభకు జైపాల్ సింగ్‌ను అధ్యక్షుడిగా పిలిచారు. సూటుబూటు తొడిగిన ఆక్స్‌ఫర్డ్ మనిషి మన మాట ఏం చెబుతాడని అనుమానించినవాళ్లు ఉండవచ్చు. ఆయన మాత్రం ప్రత్యేక రాష్ట్రం డిమాండ్‌ను ఊరూరా తిప్పారు.

రాజ్యాంగ సభలో, సొంత జెండా కింద

1946లో ఆయన రాజ్యాంగ సభలోకి వెళ్లారు. ఆ డిసెంబరు 19న లేచి నిలబడి, తాను అడవి మనిషినేనని, అందుకు గర్వపడుతున్నానని చెప్పుకున్నారు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదని, వాళ్ల దగ్గరే ఇతరులు నేర్చుకోవాలని వాదించారు. ఆదివాసీ అన్న మాటే వాడాలని పట్టుబట్టారు. మద్యనిషేధం చర్చకు వచ్చినప్పుడు, మన పూజల్లో సారాయికి, బియ్యపు కల్లుకి ఉన్న చోటును గుర్తుచేశారు.

ఆ రోజుల్లోనే పెద్ద గాయం ఒకటి తగిలింది. 1948 జనవరి 1న ఖర్సావాన్ సంతలో, తమ ప్రాంతాన్ని ఒడిశాలో కలపవద్దని గుమిగూడిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. పెద్ద పార్టీ ప్రభుత్వం మన మాట తనంతట తానే వింటుందన్న నమ్మకం చాలామందిలో అక్కడే సడలింది.

1950లో మహాసభ జార్ఖండ్ పార్టీగా మారింది. ఈసారి ఆదివాసేతరులకూ తలుపు తెరిచారు. గుర్తు కోడిపుంజు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో బిహార్ శాసనసభలో 32 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. జైపాల్ స్వయంగా లోక్‌సభకు వెళ్లారు. చదువు, డబ్బు, పత్రికలు ఏవీ లేని ప్రజలు తమ ఓటుతో ఇంత సాధించారు.

అయినా రాష్ట్రం రాలేదు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ జార్ఖండ్ డిమాండ్‌ను తోసిపుచ్చింది. కోరిన ప్రాంతంలో ఆదివాసులు మైనారిటీ అని, అందరినీ కలిపే భాష లేదని, గనులూ పరిశ్రమలూ ఉన్న దక్షిణ భాగం విడిపోతే బిహార్ ఆర్థికంగా దెబ్బతింటుందని కారణాలు చూపింది. 1957లో పార్టీ 31 స్థానాలు నిలబెట్టుకుంది. 1962కి అవి 20కి పడిపోయాయి. ప్రతిపక్షంలో కూర్చుంటే రోడ్డు రాదు, బడి రాదు, ఉద్యోగం రాదు అన్న అలసట గ్రామాల్లోనూ నాయకుల్లోనూ పెరిగింది.

1963

ఆ ఏడాది జైపాల్ సింగ్ తన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఆయన్ను తప్పుపట్టడం తేలిక. ఆయన పరిస్థితిని అర్థం చేసుకోవడం కష్టం. పన్నెండేళ్లు బయట నిలబడి, కమిషన్ దగ్గర ఓడి, సీట్లు తగ్గుతుంటే, అధికారంలో ఉన్న పార్టీ లోపలికి వెళ్లి ఏదైనా సాధించవచ్చని ఆశించడం అసహజం కాదు. ఆయన కొద్దికాలం బిహార్‌లో మంత్రిగా కూడా పనిచేశారు. కానీ ఆ పదవి నిలవలేదు. జార్ఖండ్ రాష్ట్రం గురించి శాసనసభలో ఒక్కటిగా లేచే గొంతు కూడా లేకుండా పోయింది. కార్యకర్తలు చెల్లాచెదురయ్యారు, పార్టీ పేరుతో చీలికలు మిగిలాయి. 1967లో ఆయన కాంగ్రెస్ టిక్కెట్టు మీద ఖుంటి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1970 మార్చి 20న ఢిల్లీలో కన్నుమూశారు. రాష్ట్రాన్ని ఆయన చూడలేదు. 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజున, జార్ఖండ్ ఏర్పడింది. విలీనం జరిగి అప్పటికి ముప్ఫై ఏడేళ్లు.

మనకు ఏమి మిగిలింది

ఈ కథ ఛోటానాగపూర్‌కే పరిమితం కాదు. మన తెలుగు నేల మీద తెలంగాణ ప్రజా సమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో 10 స్థానాలు గెలిచింది, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తెలంగాణ కోసం 2014 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తరువాతి ఉద్యమం నడిచిన తీరు చూడండి. 2001లో పుట్టిన పార్టీ 2004లో అదే కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది గానీ, తన జెండాను, తన కార్యకర్తలను రాష్ట్రం వచ్చేదాకా వదులుకోలేదు. జార్ఖండ్‌లోనూ 1970ల మొదట్లో పుట్టిన జార్ఖండ్ ముక్తి మోర్చా వేరుగా ఉంటూనే పెద్ద పార్టీలతో బేరమాడింది.

అందుకే మేము అనుకునేది ఇది. పొత్తు వేరు, విలీనం వేరు. పెద్ద పార్టీలో ఉండాలా, బయటికి రావాలా అన్నది కాలాన్ని బట్టి, బలాన్ని బట్టి మారుతుంది. బయటికి వచ్చినంత మాత్రాన గెలుపు రాదని 1955 చెప్పింది. లోపలికి వెళ్లినంత మాత్రాన పని జరగదని 1963 చెప్పింది. రెండు చోట్లా నిలబెట్టుకోవలసింది ఒకటే: మన డిమాండ్, దాన్ని మోసే మన సంఘం. నాయకుడు ఎటు వెళ్లినా ఆ సంఘం ఊళ్లో ఉంటే, ఆయన్ను తిరిగి వచ్చి జవాబు చెప్పమని అడగవచ్చు. అది లేకపోతే, ఒక సంతకంతో మన ఓట్లన్నీ చేతులు మారిపోతాయి.

రేపు ఓటు వేయబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ పార్టీకి వేయాలో మేము చెప్పం. మీ ఊరి భూమి, అడవి, బడి గురించి మీ గ్రామసభ ఏం కోరుకుంటోందో ముందు కాగితం మీద పెట్టండి. లోపలి నాయకుడిని, బయటి నాయకుడిని ఆ కాగితంతోనే అడగండి. ఎన్నికల తర్వాత కూడా అదే కాగితం పట్టుకుని మళ్లీ అడగండి.

మరంగ్ గోమ్కేకు జోహార్లు.